చర్చి ఆరాధనల వీడియో చిత్రీకరణ పరికరాలు

చర్చి ఆరాధనల వీడియో చిత్రీకరణ అనగా ఆదివార ఆరాధన, పండుగ కూటాలు, వివాహం, బాప్తిస్మం వంటి క్రైస్తవ కార్యక్రమాలను వీడియోగా నమోదు చేయడం, లేదా అదే సమయంలో అంతర్జాలం ద్వారా ప్రసారం చేయడం. హైదరాబాదు నగరంలోని హైటెక్ సిటీ, మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, మియాపూరు ప్రాంతాలలో, అనగా సైబరాబాదుగా పిలువబడే భాగంలో, యాభై నుండి మూడు వందల మంది వరకు కూడుకొనే చిన్న సంఘాలు చాలా ఉన్నాయి. అటువంటి సంఘాలు తక్కువ ఖర్చుతో పరికరాలను ఎంచుకొనే విధానం ఈ వ్యాస విషయం. ఇందులోని సంగతులలో ఎక్కువ భాగం భజన, ప్రవచనం, పాఠశాల వార్షికోత్సవం వంటి వాటికి కూడా వర్తిస్తాయి.

పరికరాలు కొనడానికి బయలుదేరిన వారు సాధారణంగా మొదట కెమెరా గురించి అడుగుతారు. నిజానికి ఇది చివరన అడగవలసిన ప్రశ్న. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూసేవారు సర్దుకుంటారు. ప్రసంగం వినబడకపోతే రెండు నిమిషాలలో కట్టివేస్తారు. కాబట్టి డబ్బు ముందుగా ధ్వనికి, తరువాత స్టాండుకు, వెలుతురుకు, ఆ తరువాతే కెమెరాకు ఖర్చు చేయడం మంచిది.

నేపథ్యం

హైదరాబాదు జంట నగరాలలో పాత చర్చిలకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. సికింద్రాబాదులోని సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి 1813 నాటిది. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్‌కు 1870లో పునాది వేశారు. మైకులు లేని కాలంలో కట్టిన ఇటువంటి భవనాలకు ఎత్తైన పైకప్పు, రాతి గోడలు ఉంటాయి. వాటిలో పాట గంభీరంగా వినిపిస్తుంది కాని, కెమెరాలోని మైకుతో ప్రసంగాన్ని నమోదు చేస్తే ప్రతిధ్వని వలన మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

సైబరాబాదు పరిస్థితి వేరు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతానికి కోస్తా జిల్లాల నుండి, రాయలసీమ నుండి, ఇతర రాష్ట్రాల నుండి ఉద్యోగులు వచ్చి స్థిరపడ్డారు. మియాపూరు ప్రాంతంలోని కల్వరి టెంపుల్ వంటి చాలా పెద్ద సంఘాలు కూడా ఇక్కడ పెరిగాయి. కల్వరి టెంపుల్ 2005లో మొదలైంది. అటువంటి చోట్ల పెద్ద తెరలు, అనేక కెమెరాలు, జీతం తీసుకొనే సాంకేతిక సిబ్బంది ఉంటారు. చిన్న సంఘాలు వాటిని చూసి కొనడం మొదలుపెడితే నష్టపోతాయి. చిన్న సంఘం చాలాసార్లు అద్దె హాలులోనో, వాణిజ్య భవనంలోని ఒక అంతస్తులోనో, ఎవరో ఒకరి ఇంటి మేడమీదనో కూడుకుంటుంది. ఆరాధన ముగియగానే సామానంతా సర్ది కారులో పెట్టుకొని వెళ్ళవలసి ఉంటుంది. ఒక్క మనిషి మోయగలిగినంత సామాను మాత్రమే అక్కడ ఉపయోగపడుతుంది.

ఆరాధనను దూరంగా ఉన్నవారికి అందించడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను 1921 జనవరి 2న కెడికెఎ రేడియో కేంద్రం ప్రసారం చేసింది. తెలుగునాట ప్రసంగాల ఆడియో క్యాసెట్లు, తరువాత వీడియో సీడీలు ఇంటింటికీ తిరిగాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై మొబైల్ డేటా చౌక అయిన తరువాత పల్లెలో ఉన్న తల్లిదండ్రులు కూడా ఫోనులో వీడియో చూడగలిగారు. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. ఏప్రిల్ 10న శుభ శుక్రవారం, 12న ఈస్టరు వచ్చాయి. ప్రార్థనా స్థలాలు తిరిగి తెరచింది జూన్ 8న. ఆ రెండున్నర నెలలలో, అంతవరకు కెమెరా ముఖం చూడని సంఘాలు కూడా ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి ఆరాధన ప్రసారం చేశాయి. ఆ తొందరలో కొన్న సామాను చాలా చోట్ల నేటికీ అటక మీదనే ఉన్నది.

ఎవరి కోసం చిత్రీకరిస్తున్నారు

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఖర్చు సగం తగ్గుతుంది. చూసేవారిలో మంచం పట్టిన వృద్ధులు, ఆదివారం కూడా డ్యూటీ ఉండే నర్సులు, షిఫ్టు ఉద్యోగులు, విదేశాలలో ఉన్న పిల్లలు ముఖ్యులు. హైదరాబాదులో ఆదివారం ఉదయం 10 గంటలకు ఆరాధన మొదలయ్యేసరికి అమెరికాలోని డల్లాస్‌లో శీతాకాలంలో శనివారం రాత్రి 10:30 అవుతుంది. షిఫ్టులో ఉన్నవారు సాయంత్రం గాని చూడలేరు. వీరికి ప్రత్యక్ష ప్రసారం అవసరం లేదు. మధ్యాహ్నానికి వీడియో అందితే చాలు.

ప్రత్యక్ష ప్రసారానికి మంచి ఇంటర్నెట్, ల్యాప్‌టాప్, క్యాప్చర్ కార్డు, దానిని చూసుకొనే మనిషి కావాలి. నమోదు చేయడానికి కెమెరా, మైకు, మెమరీ కార్డు సరిపోతాయి. నమోదు చేసిన దానిలో తప్పులుంటే తీసివేయవచ్చు. కొత్తగా ప్రారంభించే సంఘం కనీసం మూడు నెలల పాటు నమోదు మాత్రమే చేసి, చేయి తిరిగిన తరువాత ప్రసారానికి వెళ్ళడం ఉచితం. అయితే మంచం మీద ఉన్నవారికి "ఇప్పుడు మనవాళ్ళతో కలిసి పాడుతున్నాను" అనే తృప్తి ప్రత్యక్ష ప్రసారంలోనే దొరుకుతుంది. సంఘంలో అటువంటి వారు ఇద్దరు ఉన్నా ఆ ఖర్చు వృథా కాదు.

ధ్వని

వెనుక బెంచీ విద్యార్థికి వినబడని పాఠం చెప్పినా చెప్పనట్టేనని ఉపాధ్యాయులకు తెలుసు. కెమెరాలో అమర్చి ఉండే మైకు ఎప్పుడూ వెనుక బెంచీలోనే ఉంటుంది. అది ప్రసంగీకుని గొంతుతో పాటు ఫ్యాను చప్పుడు, పసిపిల్లల ఏడుపు, గోడల నుండి తిరిగివచ్చే ప్రతిధ్వని అన్నింటినీ సమానంగా పట్టుకుంటుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఈ విషయంలో తేడా ఉండదు. మైకు నోటికి దగ్గరగా ఉండటమే పరిష్కారం.

చాలా సంఘాలలో ఆ మైకు ముందే ఉన్నది. ప్రసంగ వేదిక మీది మైకు మిక్సరుకో, అహుజా వంటి యాంప్లిఫయరుకో కలిపి ఉంటుంది. అక్కడి నుండి ఒక వైరు తెచ్చి కెమెరాకు ఇస్తే ధ్వని సమస్యలో సగం తీరుతుంది. ఇందుకు మిక్సరు వెనుక 'లైన్ అవుట్', 'రికార్డ్ అవుట్', 'ఆక్స్' అనే రంధ్రాలలో ఏదో ఒకటి ఉంటుంది. స్పీకరుకు వెళ్ళే రంధ్రం నుండి మాత్రం వైరు తీయరాదు. ఆ విద్యుత్తు కెమెరాను పాడుచేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మైకు నుండి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. మిక్సరు నుండి వచ్చే లైన్ సంకేతం అంతకు వందల రెట్లు బలమైనది. వృత్తి పరికరాలలో ప్రామాణిక స్థాయి సుమారు 1.23 వోల్టులు, గృహోపకరణాలలో సుమారు 0.316 వోల్టులు. చౌక కెమెరాలకు మైకు రంధ్రమే ఉంటుంది, లైన్ రంధ్రం ఉండదు. లైన్ సంకేతాన్ని నేరుగా మైకు రంధ్రంలో పెడితే ధ్వని పగిలిపోతుంది. తరువాత ఏ సాఫ్టువేరూ దానిని బాగుచేయలేదు. సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేటర్ వైరు గాని, డిఐ బాక్సు గాని మధ్యలో పెట్టాలి. లేదా జూమ్ సంస్థ వారి హెచ్1 వంటి చేతి రికార్డరులో లైన్ ద్వారా విడిగా నమోదు చేసి, తరువాత వీడియోతో కలపవచ్చు. కలపడానికి సులువైన పద్ధతి, ఆరాధన మొదట కెమెరాకు కనబడేలా ఒకసారి చప్పట్లు కొట్టడం. చప్పట్ల బొమ్మ, చప్పుడు ఒకే చోటికి జరిపితే మిగిలినదంతా సరిపోతుంది.

మిక్సరు నుండి వైరు తీసిన వారు మొదటి వారం నిరుత్సాహపడటం మామూలు. ప్రసంగం స్పష్టంగా వస్తుంది, పాటలు మాత్రం ఖాళీ గదిలో ఒక్కరే పాడినట్లు ఉంటాయి. కారణం సులభం. చిన్న హాలులో డ్రమ్ములు, డోలక్కు మైకు లేకుండానే వినబడతాయి, కనుక మిక్సరులో అవి ఉండవు. సంఘమంతా కలిసి పాడేది అసలే ఉండదు. దూరాన ఉన్న ముసలి తల్లి వినాలనుకొనేది ఆ గొంతులనే. అందుకని హాలు మధ్యలో, స్పీకర్లకు దూరంగా, ఎత్తున ఒక మైకు వ్రేలాడదీసి దానిని 'ఆక్స్' మార్గంలో మాత్రమే కలపాలి. ప్రధాన స్పీకర్లకు కలిపితే కూత వస్తుంది. పాటల సమయంలో దీనిని పెంచి, ప్రసంగ సమయంలో తగ్గించాలి.

మిక్సరు లేని ఇంటి కూటాలకు కాలరు మైకు చాలు. బోయా సంస్థ వారి బివై-ఎమ్1 రకం తెలుగు యూట్యూబు వాడుకరులలో బాగా ప్రచారం పొందింది. దీని వైరు పొడవు 6 మీటర్లు. వైరు లేని మైకులు సౌకర్యమే కాని, చౌక రకాలు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. వైఫై, బ్లూటూతు కూడా అవే తరంగాలను వాడుకుంటాయి. మాదాపూరు, గచ్చిబౌలి వాణిజ్య భవనాలలో ఆదివారం కార్యాలయాలు మూసి ఉన్నా వైఫై రూటర్లు పనిచేస్తూనే ఉంటాయి. ఆపైన సభలో రెండు వందల ఫోనులు. శనివారం ఖాళీ హాలులో చక్కగా పనిచేసిన మైకు ఆదివారం తెగిపోతూ వినిపించడానికి కారణం ఇదే. వేదిక కదలనప్పుడు వైరు గల మైకే నమ్మకమైనది.

ఈ ప్రాంతపు ఆరాధనలలో ప్రసంగీకుని ప్రక్కన అనువాదకుడు నిలబడటం తరచుగా కనిపిస్తుంది. ఆంగ్లానికి తెలుగు, తెలుగుకు హిందీ. అటువంటప్పుడు ఇద్దరికీ విడివిడిగా మైకులు ఉండాలి. ఒకే మైకును చేతులు మార్చుకుంటే ప్రతి వాక్యం మొదటి మాట పోతుంది.

ధ్వనిలో 'హమ్'మనే మ్రోత వస్తే, కెమెరా లేదా ల్యాప్‌టాప్ ఒక ప్లగ్గులోను, మిక్సరు మరొక గోడ ప్లగ్గులోను ఉండటం సాధారణ కారణం. రెండింటినీ ఒకే బోర్డుకు మార్చి చూడాలి. అప్పటికీ తగ్గకపోతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గల డిఐ బాక్సు వాడాలి. కొందరు ఎర్తు పిన్ను విరిచివేస్తారు. మ్రోత పోవచ్చును గాని, మైకు పట్టుకొన్నవారికి షాకు కొట్టే ప్రమాదం ఉన్నది. అది ఎన్నడూ చేయరాదు.

కెమెరా

కెమెరాను ఎంచుకోవడానికి ముందు టేపు పట్టుకొని హాలును కొలవాలి. స్టాండు పెట్టే చోటు నుండి ప్రసంగ వేదిక వరకు ఎన్ని మీటర్లు? బొమ్మలో ఎంత వెడల్పు కనబడాలి? ప్రసంగీకుడు, అనువాదకుడు ఇద్దరూ నడుము పైవరకు కనబడాలంటే 2 మీటర్ల వెడల్పు కావాలి. లెన్సు నాభ్యంతరాన్ని ఈ సూత్రంతో లెక్కించవచ్చు: సెన్సరు వెడల్పును దూరంతో గుణించి, కనబడవలసిన వెడల్పుతో భాగించాలి.

ఉదాహరణకు డిఎస్ఎల్ఆర్ కెమెరాలలో సాధారణమైన ఎపిఎస్-సి సెన్సరు వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. దూరం 15 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు అయితే 23.5 × 15 ÷ 2 = 176 మిల్లీమీటర్లు. కెమెరాతో పాటు ఇచ్చే లెన్సు 18-55 రకం. దాని గరిష్ఠ నాభ్యంతరం 55 వద్ద అదే చోటి నుండి సుమారు 6.4 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ప్రసంగీకుడు బొమ్మలో చిన్నగా నిలబడి ఉంటాడు. అప్పుడు 55-250 వంటి మరో లెన్సు కొనవలసి వస్తుంది. కెమెరా ధర మాత్రమే చూసి కొన్నవారికి ఈ రెండో ఖర్చు తరువాత తెలుస్తుంది.

ఫోను: ఇంట్లో ఉన్న మంచి ఫోనుతో మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. ఫోను ప్రధాన కెమెరా విశాల కోణం గలది. 15 మీటర్ల దూరం నుండి అది సుమారు 20 మీటర్ల వెడల్పును చూస్తుంది. కనుక ఫోనును వెనుక కాక, ముందు వరుసలో 4 మీటర్ల దూరంలో పెట్టాలి. అప్పుడు వేదిక మొత్తం వస్తుంది. తెర మీద వేళ్ళతో పెద్దది చేసేది చాలా ఫోనులలో డిజిటల్ జూమ్ మాత్రమే. అది బొమ్మను సాగదీస్తుంది, వివరం పెరగదు. ఆరాధన సమయంలో ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టాలి. లేకపోతే ప్రసంగం మధ్యలో కాల్ వచ్చి చిత్రీకరణ ఆగిపోవచ్చు.

హ్యాండీక్యామ్: పెళ్ళి వీడియోల వలన తెలుగువారందరికీ తెలిసిన ఈ కెమెరాను నేడు పాతకాలపుదిగా చూస్తున్నారు. ఒకే కెమెరాతో, వెనుక నుండి, రెండు గంటలు ఆపకుండా తీయవలసిన పనికి ఇది చాలా అనువైనది. సోనీ సిఎక్స్405 వంటి సామాన్య రకానికి కూడా 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్నది, అనగా 15 మీటర్ల నుండి ముఖం వరకు దగ్గరకు పోవచ్చు. విద్యుత్తుతో నడుస్తూ గంటల తరబడి నమోదు చేస్తుంది. దీని లోపం చిన్న సెన్సరు. వెలుతురు తక్కువైతే బొమ్మలో ఇసుక చల్లినట్లు చుక్కలు వస్తాయి. తయారీ సంస్థలు ఈ రకాల సంఖ్యను తగ్గించాయి కాబట్టి వాడినవి కొనేవారు బ్యాటరీ, ఛార్జరు దొరుకుతాయో లేదో ముందు చూసుకోవాలి. చౌక రకాలలో మైకు రంధ్రం లేనివి ఉన్నాయి. వాటికి పైన చెప్పిన చేతి రికార్డరు తప్పనిసరి.

డిఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్: 2008లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ 2 తరువాత ఫొటో కెమెరాలతో వీడియో తీయడం వ్యాపించింది. బొమ్మ అందం వీటిదే. అయితే చాలా రకాలు 29 నిమిషాల 59 సెకన్ల తరువాత తమంతట తామే ఆగిపోతాయి. 30 నిమిషాలు, అంతకు మించి నమోదు చేయగల పరికరాన్ని ఐరోపా సమాఖ్య వీడియో కెమెరాగా పరిగణించి ఎక్కువ సుంకం విధించేది. దానిని తప్పించుకోవడానికి తయారీదారులు పెట్టిన పరిమితి ఇది. తెలుగు ప్రసంగం సాధారణంగా ముప్పావు గంటకు తగ్గదు. ముగింపు ప్రార్థనకు ముందు కెమెరా ఆగిపోయిన సంగతి ఇంటికి వెళ్ళిన తరువాత తెలియడం ఎంత బాధో అనుభవించినవారికే తెలుసు. వేసవిలో వేడెక్కి ఆగిపోవడం మరొక ఇబ్బంది. ఇటీవలి కొన్ని రకాలలో ఈ కాలపరిమితి లేదు. దుకాణంలోనే గంటసేపు నడిపి చూపించమని అడగడంలో తప్పులేదు. ప్రసారానికి వాడదలచినవారు, హెచ్‌డిఎమ్ఐ ద్వారా వచ్చే బొమ్మ మీద బ్యాటరీ గుర్తులు, ఫోకసు చతురస్రాలు లేకుండా వస్తున్నదా అని కూడా చూడాలి.

పిటిజెడ్ కెమెరా: గోడకు బిగించి, దూరం నుండి రిమోటుతో త్రిప్పగలిగేది. సొంత భవనం ఉన్న సంఘానికి మంచిదే. అద్దె హాలులో ప్రతి వారం విప్పి బిగించడం సాధ్యం కాదు.

భారతదేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్. కెమెరా 60 హెర్ట్జ్ దేశాల అమరికలో ఉంటే దీపాల క్రింద బొమ్మ మినుకుమినుకుమంటుంది, లేదా చారలు పాకుతాయి. మెనూలో 'పాల్' లేదా 50 హెర్ట్జ్ ఎంచుకొని, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టుకోవాలి. విదేశాల నుండి బంధువులు తెచ్చి ఇచ్చిన కెమెరాలలో ఈ సమస్య ఎక్కువ. 30 ఫ్రేములు మాత్రమే తీయగలిగే ఫోనులో కూడా షట్టరును 1/50 లేదా 1/100కు స్థిరపరిస్తే చారలు పోతాయి.

తెల్లని దుస్తులు మరో పరీక్ష. ఆరాధనకు తెల్లచీరలు, తెల్లచొక్కాలు ధరించే అలవాటు తెలుగు సంఘాలలో బలంగా ఉన్నది. ఆటోమేటిక్ అమరికలోని కెమెరా ఆ తెలుపును చూసి బొమ్మనంతటినీ నల్లబరుస్తుంది, ముఖాలు కనిపించవు. ప్రసంగీకుని ముఖం చూసి ఎక్స్‌పోజరును చేతితో స్థిరపరచాలి. వెనుక ఎల్ఇడి తెర ఉంటే దాని వెలుగును సగానికి తగ్గించమని ముందే అడగాలి.

స్టాండు, వెలుతురు

ఫొటోల కోసం చేసిన తేలికపాటి స్టాండు మీద కెమెరాను ప్రక్కకు త్రిప్పితే బొమ్మ కుదుపులతో కదులుతుంది. వీడియో కోసం చేసిన, నూనె నిండిన తల గల స్టాండు కొనాలి. కెమెరాలు మారినా ఇది పదేళ్ళు నిలుస్తుంది. చెక్క వేదిక మీదో, పిల్లలు పరుగెత్తే నడవలోనో దీనిని పెట్టరాదు.

వెలుతురుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. వేదిక వెనుక కిటికీ ఉంటే మందపాటి తెర కట్టాలి. ముందు వైపు నుండి, రెండు ప్రక్కలా ఏటవాలుగా, ఒకే రంగు గల రెండు ఎల్ఇడి దీపాలు పెట్టాలి. పసుపు బల్బు, తెల్ల ట్యూబులైటు కలిస్తే ముఖం సగం పసుపు, సగం నీలం అవుతుంది.

రెండవ కెమెరా, ప్రసారం

ఒక కెమెరాతో ఆరు నెలలు తప్పులేకుండా నడిచిన తరువాతే రెండవది ఆలోచించాలి. ప్రసారానికి ల్యాప్‌టాప్, క్యాప్చర్ కార్డు, ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్టువేరు చాలు. ఓబీఎస్ 2012 నుండి అందుబాటులో ఉన్నది. వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరికే క్యాప్చర్ కార్డు ఒక కెమెరాకు సరిపోతుంది. రెండు, మూడు కెమెరాల మధ్య మారడానికి బ్లాక్‌మ్యాజిక్ సంస్థ 2019 సెప్టెంబరులో 295 డాలర్ల ధరతో ఏటెమ్ మినీ అనే పెట్టెను ప్రకటించింది. నాలుగు హెచ్‌డిఎమ్ఐ రంధ్రాలు గల ఈ పెట్టె రాకతో అంతకు ముందు లక్షలలో ఉండే పని చిన్న సంఘాలకు అందుబాటులోకి వచ్చింది.

సాధారణ హెచ్‌డిఎమ్ఐ వైరు 10-15 మీటర్లు దాటితే నమ్మలేము. మిక్సరు వైరును కెమెరా దగ్గరకు తేవడం చౌక. బాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు 50 మీటర్లు పోయినా ధ్వని చెడదు. కనుక ల్యాప్‌టాపును కెమెరా ప్రక్కనే పెట్టి, ధ్వనిని అక్కడికి తెచ్చుకోవాలి. క్యాప్చర్ కార్డు బొమ్మను కొంత ఆలస్యం చేస్తుంది కాబట్టి పెదవులకు, మాటకు పొంతన తప్పుతుంది. చప్పట్లు కొట్టి చూసి, ఓబీఎస్‌లో ధ్వనిని అన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి.

ఇంటర్నెట్ విషయంలో డౌన్‌లోడు వేగం కాదు, అప్‌లోడు వేగం చూడాలి. 720 పంక్తుల వీడియోకు సెకనుకు 3-4 మెగాబిట్లు చాలు. పల్లెలో ఫోను మీద చూసేవారికి ఇంతకంటే ఎక్కువ పంపినా ప్రయోజనం లేదు. యూట్యూబులో కొత్త ఛానలుకు ప్రత్యక్ష ప్రసార అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు. క్రిస్మస్ ఉదయం ఈ సంగతి తెలుసుకొన్నవారు ఉన్నారు. రూటరుకు, మిక్సరుకు, ల్యాప్‌టాపుకు ఒక చిన్న యుపిఎస్ పెట్టుకుంటే కరెంటు పోయి జనరేటరు అందుకొనే లోపు ప్రసారం తెగదు.

ఎక్కడ దొరుకుతాయి

మైకులు, మిక్సర్లు, వైర్లు, పిన్నులకు కోఠిలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధి. కావలసిన పొడవుకు వైరు కోయించి పిన్నులు అతికించుకోవచ్చు. కంప్యూటరు సామానుకు సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నది. మియాపూరు, హైటెక్ సిటీల నుండి మెట్రోలో ఈ రెండు చోట్లకూ వెళ్ళిరావచ్చు. కెమెరాను బిల్లు లేకుండా కొంటే ధర తగ్గుతుంది, వారంటీ పోతుంది. కానుకల సొమ్ముతో కొనేటప్పుడు బిల్లు ఉండటమే న్యాయం.

సంవత్సరానికి రెండు మూడు పెద్ద కూటాలకు మాత్రమే మంచి కెమెరా కావలసిన సంఘం కొనడం కన్నా అద్దెకు తీసుకోవడం మేలు. సినిమా పనివారు ఎక్కువగా ఉండే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ప్రాంతాలలో కెమెరాలు, లెన్సులు, దీపాలు రోజు అద్దెకు దొరుకుతాయి. కొనదలచిన కెమెరానే ఒక ఆదివారానికి అద్దెకు తెచ్చి, తమ హాలులో, తమ మనుషులతో వాడి చూడటం అన్ని సమీక్షలు చదవడం కన్నా మంచి పరీక్ష.

మనుషుల సంగతి కూడా పరికరాల ఎంపికలో భాగమే. ఈ ప్రాంతంలో కెమెరా పట్టేది ఎక్కువగా సాఫ్టువేరు ఉద్యోగులైన యువతీయువకులు. సాంకేతిక విషయాలు వారికి వెంటనే అర్థమవుతాయి. కాని ఒకరు ఆన్‌సైట్‌కు వెళతారు, ఒకరికి షిఫ్టు మారుతుంది, మరొకరు బెంగుళూరుకు బదిలీ అవుతారు. ఒక్కరికే అర్థమయ్యే అమరిక ఆ ఒక్కరితోనే పోతుంది. ఏ వైరు ఎక్కడ పెట్టాలో, ఏ మీట ఎంతలో ఉండాలో తెలుగులో ఒక అట్ట మీద వ్రాసి పెట్టెలో ఉంచాలి. వైర్లకు రంగు కాగితాలు అతికించాలి.

చిత్రీకరించకూడనివి

1953 జూన్ 2న లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని టెలివిజనులో ప్రసారం చేసినప్పుడు, తైలంతో అభిషేకించే ఘట్టాన్ని మాత్రం కెమెరాలకు చూపలేదు. అంతటి ప్రసారంలోనే ఒక హద్దు పెట్టుకున్నారు. చిన్న సంఘానికి ఆ హద్దు మరింత అవసరం.

సాక్ష్యం చెప్పేవారు తమ జబ్బు, అప్పు, భర్త త్రాగుడు, ఉద్యోగం పోవడం వంటివి చెప్పుకుంటారు. ఎదురుగా ఉన్న వంద మందిని నమ్మి చెప్పిన మాట అది. అంతర్జాలంలో పెడితే అది వారి కార్యాలయానికీ, పెళ్ళిచూపులకు వచ్చేవారికీ కూడా అందుతుంది. తాము చర్చికి వస్తున్న సంగతి ఇంటివారికి ఇంకా చెప్పనివారు సభలో ఉండవచ్చు. కన్నీళ్ళతో మోకరించినవారి ముఖం మీదికి జూమ్ చేయడం మర్యాద కాదు. అందుకని కెమెరాను వేదిక వైపే ఉంచి, సభను వెనుక నుండి మాత్రమే చూపాలి. కెమెరాకు కనబడని కొన్ని వరుసలను ఆ సంగతి తెలిపే బోర్డుతో విడిచిపెట్టాలి. సాక్ష్యాల సమయంలో చెప్పేవారి అనుమతి లేకపోతే ప్రసారం ఆపి, ఒక చిత్రపటం పెట్టాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగాలి. పెద్ద జూమ్ గల కెమెరా కొన్న సంఘం ఈ నియమాలను కెమెరాతో పాటే వ్రాసుకోవడం అవసరం.

పాటల హక్కులు

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి వంటి వారి కీర్తనల మీద నేడు ఎవరికీ ఆ హక్కు లేదు. నిజమైన మతకార్యక్రమంలో భాగంగా పాట పాడటాన్ని ఆ చట్టంలోని 52వ సెక్షను మినహాయిస్తుంది. కాని యూట్యూబు యంత్రం సెక్షన్లు చదవదు. ఆరాధనకు ముందు హాలులో వేసిన సీడీ పాటను గుర్తుపట్టి వీడియోకు అభ్యంతరం పెడుతుంది. రికార్డు చేసిన పాటలను, ట్రాకులను వీడియోలోకి రానీయకపోవడం సులువైన మార్గం.

నిల్వ

సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున రెండు గంటల ఆరాధన సుమారు 21.6 గిగాబైట్లు అవుతుంది. ఏడాదికి 52 ఆదివారాలకు 1.1 టెరాబైట్లు దాటుతుంది. 64 గిగాబైట్ల కార్డులు రెండు కొని, వారం విడిచి వారం వాడితే, ఒకటి పాడైనా ముందు వారంది మిగిలి ఉంటుంది. అన్నింటినీ దాచనవసరం లేదు. ప్రసంగాలను తక్కువ పరిమాణంలోకి మార్చి ఉంచవచ్చు. బాప్తిస్మాలు, వివాహాలు, సంఘ పెద్దల చివరి ప్రసంగాలు మాత్రం అసలు పరిమాణంలోనే రెండు వేర్వేరు హార్డుడిస్కులలో, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచాలి. డిస్కు మీద తేదీ, స్థలం, ప్రసంగీకుని పేరు తెలుగులో వ్రాసి అతికించాలి. ఫైలు పేరును కెమెరా ఇచ్చిన అంకెలతోనే వదిలివేస్తే రెండేళ్ళ తరువాత వెదకడం ఎవరి వల్లా కాదు.